జిడ్డాయన ఫిర్యాదు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి జరగాలి. స్టవ్ మీద పాలు పొంగకుండా చూడాలి, అత్తగారి కంట్లో చుక్కలు వెయ్యాలి, ఆఫీసు నుంచి వచ్చే మొదటి ఫోను ఎత్తాలి. మూడూ కోడలి పనులే. భర్త చెడ్డవాడేమీ కాదు, చెబితే చేస్తాడు. కానీ చెప్పడం కూడా ఒక పనే కదా. ఆ ఓపిక లేక ఆమే చేసేసుకుంటుంది.

"తల పైకెత్తండి అత్తయ్యా."

"ఎత్తే ఉంచాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉంటావు. మాట వంకరగా వస్తోంది. ముందు అది కింద పెట్టు."

"ఒక్క నిమిషం..." అనేలోపు వంటింట్లో పాలు పొంగాయి. చుక్క కంట్లో పడకుండా బుగ్గ మీద పడింది. కోడలు స్టవ్ దగ్గరికి పరిగెత్తింది. అత్తగారు బుగ్గ తుడుచుకుని, సీసా తడిమి తీసుకుని, రెండో చుక్క తనే సరిగ్గా వేసుకుంది. అది చూడ్డానికి అక్కడ ఎవరూ లేరు.

అత్తగారికి డెబ్బై ఒకటి. ముప్ఫై రెండేళ్ళు ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. నీటికాసుల జబ్బు, అంటే గ్లకోమా, ఎడమకన్నుని ఎప్పుడో తీసేసుకుంది. కుడికంట్లో మాత్రం నట్టనడుమ చిన్న కంత అంత చూపు మిగిలింది. ఎదురుగా మనిషి నిలబడితే ముక్కో, చెవో, చొక్కా గుండీయో కనిపిస్తుంది తప్ప మనిషి మొత్తం కనిపించడు. అక్షరాలైతే ఎంత పెద్దవైనా అలుక్కుపోతాయి. అందుకని, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరుని కోడలే ఇంట్లో పాత కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చింది. సెలవురోజుల్లో మధ్యాహ్నం పూట ఆవిడ గదిలోంచి టకటకలు వినిపిస్తుంటాయి. ఏం చేస్తున్నావమ్మా అని కొడుకు అడిగితే, "వేళ్ళు మొద్దుబారకుండా కొట్టుకుంటున్నాన్రా" అంటుంది. టైపిస్టు వేళ్ళకి ఏనాడూ కళ్ళతో పని లేదు.

కోడలిది నాలుగు ఆసుపత్రులున్న ఒక సంస్థలో వెబ్ విభాగం. చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, చేతులు సరిగ్గా కదపలేనివాళ్ళు కూడా ఒకరి సాయం లేకుండా సంస్థ వెబ్‌సైట్లు వాడుకునేలా సరిచేయడం ఆమె పని. పద్నాలుగు నెలలుగా అదే చాకిరీ. వీడియోల కింద మాటలు రాయించింది. ఫొటోలకి వివరణలు పెట్టించింది. మౌసు పట్టుకోలేనివాళ్ళు కీబోర్డుతో నొక్కగలిగేలా ప్రతి బటనునీ మార్పించింది. ఇక ఆఖరి మెట్టు మిగిలింది: 'మా వెబ్‌సైట్లను అందరూ స్వతంత్రంగా వాడుకోగలరు' అని ఒక ప్రకటన, దాని కింద ఆమె సంతకం. గడువు శుక్రవారం. ఏరు దాటామనుకునేసరికి కాలికి అడ్డం పడింది ఒకే ఒక్క ఫిర్యాదు.

"మేడం, మన జిడ్డాయన మళ్ళీ తెరిచాడు," అన్నాడు మేనేజరు, ఆమె ఇంకా బ్యాగు కూడా కింద పెట్టకముందే.

ఫిర్యాదు పెట్టేవాళ్ళు పేరు ఇవ్వక్కర్లేదు, ఫోను నంబరుంటే చాలు. అందుకని నాలుగు నెలలుగా వస్తున్న ఆ ఉత్తరాలకి ఆఫీసులో వాళ్ళే ఒక పేరు పెట్టుకున్నారు. ఇంత పట్టుదల, ఇంత కాగితాల భాష ఉన్నవాడు రిటైరైన గుమస్తానే అయ్యుంటాడని మేనేజరు తేల్చేశాడు. కోడలు కూడా సరేననుకుంది. రోజూ భోజనాల దగ్గర ఆయన్ని తిట్టందే ఆమెకి ముద్ద దిగేది కాదు. అత్తగారు మాత్రం, "పాపం, ఆయన బాధేంటో," అని ఊరుకునేది.

ఆమె ఉత్తరం తెరిచింది.

'అయ్యా, విషయము: వైద్య నివేదికలు వినబడకపోవుట గురించి. సూచిక: తమరి మూడు జవాబులు. పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, నివేదికల పేజీ తెరచినప్పుడల్లా నా కంప్యూటరు "చిత్రం" అని ఒక్క మాట పలికి ఊరకుండుచున్నది. నా నివేదిక నేను వినుటకు వీలు కల్పించవలసినదిగా నాలుగవ పర్యాయము కోరడమైనది.'

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆ ఆసుపత్రుల్లో ఒక పద్ధతుంది. రిపోర్టుని శుభ్రంగా కంప్యూటరులోనే కొడతారు. కొట్టాక కాగితం మీద అచ్చు తీస్తారు. దాని మీద డాక్టరు పెన్నుతో సంతకం పెట్టి, ముద్ర వేస్తాడు. ఆ కాగితాన్ని మళ్ళీ ఫొటో తీసి వెబ్‌సైట్లో పెడతారు. కళ్ళున్నవాడికి తేడా తెలియదు. చదివే సాఫ్ట్‌వేరుకి మాత్రం అది ఉత్త బొమ్మ. కొట్టిన అసలు కాపీని కూడా పక్కన పెడితే సరిపోతుంది, కానీ దానికి నాలుగు ఆసుపత్రుల డాక్టర్లనీ కదిలించాలి. ఆ పని 'తర్వాత చూడవలసినవి' అనే జాబితాలో అట్టడుగున ఉంది.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని మళ్ళీ కొట్టేసి మూసేయండి," అన్నాడు మేనేజరు.

"మూడుసార్లు తిరిగి తెరిస్తే ఫోను చెయ్యాలని మనమే రూలు రాసుకున్నాం కదండీ."

"అయితే చేసెయ్యండి. నాలుగు తీపి మాటలు చెప్పండి, ఆయనే మెత్తబడతాడు."

ఆమె ఆఫీసు ఫోనులో ఆ నంబరు నొక్కింది. సొంతవాళ్ళ నంబర్లే అయినా ఈ రోజుల్లో ఎవరికి గుర్తుంటున్నాయి? అటు రెండుసార్లు మోగింది.

"హలో. ఎవరండీ?"

ఆ గొంతు కోడలు రోజూ ఇంట్లో వినేదే.

"ఫిర్యాదుల విభాగమేనా? మాట్లాడండి. తమరి జవాబులు మూడూ అందాయి. మూడూ ఒక్కటే. కనీసం ఒక కామా కూడా మార్చలేదు."

ఆ జవాబులు రాసింది తనే. ఆమె ఫోను పెట్టేసింది. ఏమన్నాడు అని మేనేజరు అడిగితే, లైను కలవలేదంది.

సాయంత్రం బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. కూర్చుంటే ఆలోచించాల్సి వస్తుందని నిలబడే వచ్చింది. తలుపు తీసేసరికి అత్తగారు హాల్లో ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"మాట్లాడకుండా ఫోను పెట్టేయడం మర్యాద కాదమ్మాయ్."

"నేనేనని మీకెలా తెలిసింది?"

"నా ఫోను నంబరు పైకి చదివి చెబుతుంది. మీ ఆఫీసు నంబరు నుంచి నాలుగు నెలల్లో ఒక్కసారీ ఫోను రాలేదు. వచ్చిన ఒక్కసారీ అవతలి మనిషి ఊపిరి బిగబట్టింది. పరాయి మనిషికి అంత భయం దేనికి?"

కోడలు చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "ఇంట్లోనే ఉన్నాను కదా అత్తయ్యా. నాతో ఒక్క మాట చెబితే పోయేది కదా. రోజూ మీ ఎదురుగానే కదా ఆయన్ని... మిమ్మల్ని తిట్టాను."

"బాగానే తిట్టావు. జిడ్డు, జలగ, పనీపాటా లేని పీనుగ. అన్నీ విన్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పలేదా?" అత్తగారి గొంతు పెరగలేదు. "ఆ రిపోర్టు ఇంకోసారి చదవమని ఎన్నిసార్లు అడిగాను? ఒకసారి టైము లేదన్నావు. ఒకసారి కాగితం ఎక్కడో పెట్టానన్నావు. వాణ్ణడిగితే, అంతా బాగుందన్నారుగా, మళ్ళీ ఎందుకమ్మా అన్నాడు. మీ ఆఫీసుకి రాస్తే ఏడు రోజుల్లో జవాబొస్తుంది. ఇంట్లో అడిగినదానికి ఆ రూలు లేదు కదమ్మా."

ఆరు నెలల కిందట కోడలి సంస్థ ఆసుపత్రిలోనే కళ్ళ డాక్టరు ఇచ్చిన రిపోర్టుని అత్తగారికి చదివి వినిపించింది కోడలే. ఈ హాల్లోనే, ఇదే కుర్చీలో కూర్చుని. 'పరిస్థితి నిలకడగా ఉన్నది. చుక్కలు కొనసాగించవలెను' అని. అందులో రెండో మాట మాత్రమే నిజం.

"నేను చదివాను కదా," అంది, తనకే వినిపించీ వినిపించనట్టు.

"చదివావు. చేతికిస్తే తడిమి చూశాను, కాగితాలు రెండు. నువ్వు చదివింది ఎనిమిది వరుసలు కూడా లేదు. ముప్ఫై రెండేళ్ళు టైపు కొట్టినదాన్ని తల్లీ, పేజీకి ఎన్ని మాటలు పడతాయో నాకు తెలీదా? పైగా రెండో కాగితం నువ్వు తిప్పనేలేదు. తిప్పితే చప్పుడు రాదూ?"

అప్పుడే కొడుకు తలుపు తోసుకుని వచ్చాడు. ఇద్దరి వాలకం చూసి, "ఏమైంది?" అన్నాడు. కోడలు నాలుగు మాటల్లో చెప్పింది. అతనికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

"నువ్వా అమ్మా? తన ఆఫీసుకే ఫిర్యాదులా? ఎల్లుండి సంతకం పెట్టాలి తను. ఈ పద్నాలుగు నెలలూ ఎంత అవస్థ పడిందో తెలుసా నీకు?"

"నాకెలా తెలుస్తుందిరా? కనపడదు కదా. మీరు చెబితేనే తెలుస్తుంది."

"నిన్ను భయపెట్టడం ఎందుకని చెప్పలేదు! నీ మంచికే కదా. వింటే ఏం చేసేదానివి? రాత్రీ పగలూ దిగులు పడేదానివి."

"దిగులు పడటం నాకు చేతకాదనుకున్నావా? మీ నాన్న పోయినప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. దిగులూ పడ్డాను, మర్నాడు ఆఫీసుకీ వెళ్ళాను." ఆమె ఒక్క క్షణం ఆగింది. "డాక్టరు దగ్గరికి వెళితే మీరిద్దరూ చెరో పక్కా కూర్చుంటారు. ఆయన నాతో మాట్లాడడు. ఆవిడకి చుక్కలు వేస్తున్నారా అని మిమ్మల్ని అడుగుతాడు. ఆవిడ ఎదురుగానే ఉందిరా! పోయింది కన్నే. మనిషిని ఉన్నాను కదా."

కోడలికి కళ్ళు మండాయి.

"మీ అబ్బాయిని చెప్పొద్దన్నది నేనే," అంది. "రెండో పేజీ ముందు నేనే చూశాను. అది మీ ముందు చదవడం నావల్ల కాలేదు అత్తయ్యా. ఇప్పుడు చదువుతాను. కాగితాలు బీరువాలోనే ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా వదలను."

"వద్దు."

"నమ్మకం లేదా?"

"నీ మీద కోపం లేదు. కానీ ఒకసారి దాచి చదివిన గొంతు అది. ఇప్పుడు నువ్వు ఉన్నదున్నట్టు చదివినా, ఇంకా ఏం మింగేశావో అని నా చెవి వెతుక్కుంటుంది. పక్కింటావిడ చేత చదివించుకుందామంటే, నా ఒంటి సంగతి వీధికి ముందు తెలియాలా? ఆ కంప్యూటరుకి నా మీద ప్రేమా లేదు, జాలీ లేదు. అదైతే అంతా చదువుతుంది."

"మరి సంతకం?" అన్నాడు కొడుకు.

"పెట్టుకోనీ. ఫిర్యాదు మూసేసుకోమను." అత్తగారు గోడ పట్టుకుని లేచింది. "నేను మళ్ళీ తెరుస్తాను."

మర్నాడు ఆఫీసులో కోడలు ఆ 'తర్వాత చూడవలసినవి' జాబితా తెరిచి చాలాసేపు చూస్తూ కూర్చుంది. నివేదికల పని మొదట్లో పైనుంచి మూడోది. దాన్ని అడుక్కి తోసింది ఎవరో పైవాళ్ళు కాదు. పక్కన తేదీ ఉంది, మార్చినవాళ్ళ పేరుంది. అత్తగారి రిపోర్టు వచ్చిన తర్వాతి వారం, తన చేత్తో తనే తోసింది. ఆరోజు అత్తగారు వినకూడదని అనుకుని చేయలేదు. డాక్టర్లు ఒప్పుకోరు, పని పెద్దది, గడువు దగ్గరపడుతోంది అని కారణాలు రాసుకుంది. అన్నీ నిజాలే. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను సంతకం పెట్టనండీ," అంది మేనేజరుతో.

"ఎవరో ఒక్క ముసలాయన కోసమా?"

"ఆయన కాదు, ఆవిడ. మా అత్తగారు."

"మరింకేం మేడం! ఇంట్లో మీరే చదివి వినిపించొచ్చు కదా? దీనికి ఇంత రాద్ధాంతమా?"

"చదివానండీ," అంది కోడలు. "అబద్ధం చదివాను."

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆమె నాలుగు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. సంతకం లేని కాగితం రిపోర్టు ఎలా అవుతుందని ఒక డాక్టరు గంట వాదించాడు. సంతకం కాగితం ఎక్కడికీ పోదు, పక్కన కొట్టిన కాపీ కూడా పెడతాం, అంతే అని ఆమె అదే మాట యాభైసార్లు చెప్పింది. గడువు దాటించినందుకు డైరెక్టరు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. దానికి జవాబు రాసింది. ఇంటికొస్తే ఒళ్ళు పులిసిపోయి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అత్తగారు ఏమీ అడగలేదు. పొద్దున్న చుక్కలు మాత్రం తనే వేసుకుంటోంది. మొదటి రోజు కోడలు సీసా అందుకోబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

పాత రిపోర్టుల కాపీలు కూడా పదో రోజు వెబ్‌సైట్లోకి ఎక్కాయి. అది ఆదివారం. కోడలు ఫోనులో చూసుకుని, అత్తగారి గది గుమ్మం దగ్గర నిలబడి, "మీ ఫిర్యాదుకి జవాబొచ్చింది అత్తయ్యా," అంది.

"ఆ నివేదికల పేజీనేనా?"

"అదే పేజీ. కార్డు నంబరు, పుట్టిన తేదీ కొట్టండి. నన్ను ఉండమంటారా?"

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."

హాల్లో కొడుకు పేపరు పట్టుకుని కూర్చున్నాడు. అరగంటలో ఒక్క పేజీ కూడా తిప్పలేదు. లోపల టకటకలు వినిపించి ఆగిపోయాయి. తర్వాత ఎత్తుపల్లాలు లేని ఆ కంప్యూటరు గొంతు సన్నగా వినిపించింది. మాటలు తెలియడం లేదు. చదివింది, ఆగింది. మళ్ళీ మొదటి నుంచీ చదివింది. మూడోసారి కూడా చదివాక ఇక చప్పుడు లేదు. లోపలికి వెళ్దామా అన్నట్టు అతను భార్య వైపు చూశాడు. ఆమె వద్దని తలూపింది. లోపలికి వెళ్ళకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆమె అనుకోలేదు.

తలుపు తెరుచుకుంది.

"ఏడాదిలోపు మొత్తం పోతుందట," అంది అత్తగారు. "అందులో ఆరు నెలలు అయిపోయాయి."

కొడుకు పేపరు పక్కన పడేసి తల్లి చేతులు పట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.

"ఏడవకురా. పోతుందని నాకు తెలుసు. నా కన్ను నాకు తెలీదా? ఎప్పటికో తెలీలేదు, అంతే. ముందే చెప్పుంటే ఈ ఆరు నెలలు ఆ మూల కంప్యూటరు ముందు కూర్చుని మీ ఆఫీసుతో పోట్లాడేదాన్నా? ఏం చూడాలో చూసుకునేదాన్ని కదా." కొడుకు తల నిమిరి, మొహం చుట్టూ తిప్పి వెతికింది. "అమ్మాయేదీ?"

"ఇక్కడే ఉన్నానత్తయ్యా."

"ఇలా కిటికీ దగ్గరికి రా. వెలుతుర్లోకి."

కోడలు వెళ్ళి నిలబడింది. అత్తగారు బాగా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని, ఆ మిగిలిన కాస్త చూపుతో ముక్కలు ముక్కలుగా చూడటం మొదలుపెట్టింది. ముందు నుదురు. తర్వాత ఒక కనుబొమ్మ. చెవి పక్కన జుట్టు.

"తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?"

"రెండేళ్ళయింది."

"కళ్ళ కింద ఈ నలుపేంటి?"

ఈ ఇంట్లో కోడలి మొహం కేసి ఇంతసేపు ఎవరూ చూడలేదు. ఆఖరికి అద్దంలో తనూ చూసుకోలేదు.

"ఇంత అలిసిపోయావా తల్లీ? నాకెవరూ చెప్పనేలేదే," అంది అత్తగారు.

కోడలికి దుఃఖం ఆగలేదు. ఇన్నాళ్ళదీ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. తుడుచుకుందామని మొహం పక్కకి తిప్పబోయింది. అత్తగారు గడ్డం వదల్లేదు.

"కదలకు," అంది. "ఇంకా చూడటం అవ్వలేదు."